ఒప్పుకున్నారు సరే... ఎందుకు?

గ్రూప్ డిస్కషన్‌లో టెర్రరిజం టాపిక్ వస్తే ఎవరో ఒకరు ఈ మాట అంటారు: ‘నేరం వాళ్లే ఒప్పుకున్నారు కదా, ఇంకా హక్కులేంటి?’ మీరూ అనబోతుంటే, ముందు లాకవానా కేసు గురించి తెలుసుకోండి.

న్యూయార్క్ రాష్ట్రంలో బఫెలో పక్కన చిన్న ఊరు లాకవానా. అక్కడి ఆరుగురు అమెరికన్ యువకులు, యెమెన్ మూలాలున్నవాళ్లు, 2001 సెప్టెంబరు దాడులకు కొన్ని నెలల ముందు అఫ్గానిస్థాన్‌లోని అల్‌ఖైదా శిబిరానికి వెళ్లొచ్చారు. 2002 సెప్టెంబరులో అరెస్టయ్యారు. ఫలానా చోట దాడికి పథకం వేశారన్న అభియోగం లేదు. ఉగ్రవాద సంస్థకు సాయం చేశారన్నదే కేసు. 2003లో ఒకరి తర్వాత ఒకరు ఆరుగురూ ఒప్పేసుకున్నారు. 7 నుంచి 10 ఏళ్ల వరకు శిక్షలు పడ్డాయి. సాక్షుల విచారణ దాకా వ్యవహారం వెళ్లనే లేదు.

శిబిరానికి వెళ్లడం చిన్న విషయమని నేననను. కానీ అప్పుడు వాళ్ల కళ్ల ముందు ఏముందో చూడండి. 2002 మేలో హోసే పడియా అనే అమెరికా పౌరుణ్ని షికాగో విమానాశ్రయంలో పట్టుకున్నారు. నెల తిరిగేసరికి ‘శత్రు యోధుడు’ అని ముద్ర వేసి, మూడేళ్లకు పైగా సైనిక జైల్లో ఉంచారు. చాలాకాలం లాయర్‌నూ కలవనివ్వలేదు. ఒప్పుకోకపోతే తమవాళ్లకూ అదే గతి పడుతుందేమోనన్న భయం వెంటాడిందని లాకవానా నిందితుల లాయర్లు తర్వాత చెప్పారు. కోర్టులో ఓడిపోతామన్న భయం వేరు, కోర్టే దక్కదన్న భయం వేరు.

మన దగ్గరా ఈ ప్రశ్న ఉంది. 2005 సవరణతో వచ్చిన ప్లీ బార్గెయినింగ్, 7 ఏళ్లకు మించి శిక్ష పడే నేరాలకు వర్తించదు. అయితే బేరం లేకుండా నేరుగా నేరం ఒప్పుకోవచ్చు. ఉపా కేసుల్లో 43డి(5) వల్ల బెయిల్ దొరకడమే కష్టం. విచారణ ఎప్పటికి తెమలుతుందో తెలియనివాడు, ‘ఒప్పుకుంటే ముందే బయటపడతానా?’ అని లెక్క వేసుకోడా?

ఉద్యోగంలో చేరేటప్పుడు నింపే అటెస్టేషన్ ఫారంలో శిక్ష పడిందా అని అడుగుతారు. అలసిపోయి ఒప్పుకున్నానని రాయడానికి అక్కడ గడి ఉండదు.

గ్రూప్స్‌కి చదివేవాళ్లు ఆర్టికల్ 20(3) బట్టీ పట్టే ఉంటారు. దాంతోపాటు 2021 నాటి కె.ఎ.నజీబ్ తీర్పూ చదవండి. విచారణ సకాలంలో పూర్తయ్యేలా లేకపోతే, 43డి(5) ఉన్నా రాజ్యాంగ కోర్టులు బెయిలివ్వొచ్చని సుప్రీంకోర్టు అందులో చెప్పింది.