వాకిటి ముచ్చట: నీటిలెక్క తెలిసిన మంత్రి

గత మాసమున నొకనా డుదయమే మా మారేడుపల్లి యింట విద్యుత్తు నిలిచిపోయెను. క్రింది తొట్టిలో నీరు నిండుగా నున్నది. మిద్దెమీది తొట్టి యెండియున్నది. నడుమనున్న మోటారు మూగవోయినది. మేడమీద నొంటిగా కాపురమున్న మామ్మగారికి ముఖము కడుగుకొనుటకైనను చెంబెడు నీరు లేదు. మేము బిందె చంకనిడుకొని మెట్లెక్కితిమి. మూడవమారు ఎక్కుచు నడుమ నిలిచి యూపిరి తీసికొనునపుడు మాకు తోచిన దిది: నీరుండుట వేరు, నీరెక్కుట వేరు.

ఆ వారమే ఒక పెద్దమనుష్యుడు వోట్లడుగ వచ్చి, "అమ్మా, ఇరవైనాలుగు గంటలూ కుళాయిలో నీళ్లిప్పిస్తాను" అని చేతులు జోడించెను. మామ్మగారు పిట్టగోడమీదనుండి వంగి, "ఎక్కడినుంచి నాయనా? ఎంత ఎత్తుకి? కరెంటు ఖర్చు ఎవరిది?" అని యడిగిరి. ఆయన నవ్వి ప్రక్కయింటికి సాగిపోయెను.

సాయంకాలమున మా ఇంటివారితో నీ ముచ్చట చెప్పగా వారు, "ఆ మూడు ప్రశ్నలకును నిలిచి జవాబు చెప్పగల మంత్రి మనవారిలో నొకరుండిరి. కె.ఎల్. రావుగారు" అనిరి. పిల్లలు వెంటనే, "కె.ఎల్. విశ్వవిద్యాలయం వారిదేనా?" అని యడిగిరి. కాదు, అది కోనేరు లక్ష్మయ్యగారి పేరిటిది. మేము చెప్పబోవునది కానూరి లక్ష్మణరావుగారినిగూర్చి. పేరు పిల్లలకు తెలియకున్నను, ఆయన పని మన వంటయింటిలోనికి దినదినమును వచ్చుచునే యున్నది.

లక్ష్మణరావుగారు 1902 జూలై 15వ తేదీన కృష్ణాజిల్లా కంకిపాడున జన్మించిరి. తొమ్మిదవ యేట తండ్రి గతించెను. బడిలో ఆటలాడుచుండగా తగిలిన దెబ్బచే నొక కంటి చూపు పోయెను. అట్టి బాలుడు మదరాసునందలి గిండీ ఇంజనీరింగు కళాశాలలో చదివి, రంగూనున పాఠములు చెప్పి, 1939లో ఇంగ్లండునందలి బర్మింగుహాము విశ్వవిద్యాలయమున డాక్టరు పట్టమును పొందెను. స్వదేశమునకు మరలి, ఢిల్లీలో నీటికిని విద్యుత్తునకును కలిపి యేర్పడిన కేంద్రసంఘమున 1950లో ఆనకట్టల రూపకల్పనాధికారియై, 1954లో ప్రధాన ఇంజనీరయ్యెను.

ఆ పనిలో మనకు మిక్కిలి దగ్గరిది నాగార్జునసాగరము. 1955 డిసెంబరు 10వ తేదీన నెహ్రూగారు దానికి శంకుస్థాపన చేసిరి. 124 మీటర్ల యెత్తుగల యా కట్టడమును కాంక్రీటుతో పోయక, రాతితో కట్టిరి. విదేశములనుండి యంత్రములు కొనుటకు ధనము చాలని దినములవి; రాయి మన కొండలలో నున్నది, పనికి చేతులు మన పల్లెలలో నున్నవి. అందుచే వేలకొలది కూలీలు ఆ కట్టను పేర్చిరి. అందు ఆడుకూలీల తలలపై నెక్కిన తట్టలెన్నియో లెక్క వ్రాసినవారు లేరు. 1967 ఆగస్టు 4వ తేదీన ఇందిరాగాంధిగారు కాలువలకు నీరు విడిచిరి.

ఇంతలో ఇంజనీరుగారు మంత్రియైరి. 1962లో విజయవాడనుండి లోకసభకు ఎన్నికై, 1967లోను 1971లోను మరల గెలిచిరి. 1963 జూలైలో నీటిపారుదల, విద్యుచ్ఛక్తి శాఖల భారము వారిపై బడెను. నెహ్రూ, లాల్ బహదూర్ శాస్త్రి, ఇందిరాగాంధి, ఈ మువ్వురి కొలువులందును వారు పనిచేసిరి. 1964లో దేశమును అయిదు విద్యుత్ప్రాంతములుగా విభజించి, ఒకచోట మిగిలిన శక్తిని మరియొకచోటికి పంపు ఏర్పాటునకు పునాది వేసినదియు, పల్లెలకు విద్యుత్తు నందించుటకై 1969లో గ్రామీణ విద్యుదీకరణ సంస్థ వెలసినదియు ఆ కాలముననే. 1978లో ప్రకటించిన తమ ఆత్మకథకు వారు 'ది క్యూసెక్స్ కాండిడేట్' అని పేరు పెట్టుకొనిరి. క్యూసెక్కుల అభ్యర్థి యన్నమాట.

ఈ క్యూసెక్కనగా నేమి? సెకనునకు ఒక ఘనపుటడుగు నీరు. అనగా ఇరువదియెనిమిది లీటర్లకు కొంచెము పైన. మన యింటి బిందెతో కొలిచినచో, రెప్పపాటున రమారమి రెండు బిందెలు. ఇట్లు గ్రహించినచో పత్రికలలో కనబడు పెద్ద పెద్ద అంకెలు మనలను భయపెట్టవు.

రావుగారి మహాస్వప్నమును ఈ బిందెతోనే కొలిచి చూతము. 1972లో వారు గంగను కావేరితో కలుపవలెనని యొక పథకమును చెప్పిరి. పాట్నాయొద్ద వరదదినములలో అరువదివేల క్యూసెక్కుల నీరు తీసి, 2,640 కిలోమీటర్ల దారిన దక్షిణమునకు తెచ్చుట. వినుటకు భగీరథుని కథవలె నున్నది. కాని భగీరథుని గంగ పైనుండి క్రిందికి దిగినది. ఈ గంగ క్రిందినుండి వింధ్యము దాటి పైకెక్కవలెను. అందులకు 5,000 మొదలు 7,000 మెగావాట్ల విద్యుత్తు కావలెనని లెక్క తేలినది. సాగరపు ప్రధాన విద్యుత్కేంద్రపు శక్తి సుమారు 816 మెగావాట్లు. అనగా నొక్క గంగనెత్తుటకు ఆరు మొదలు ఎనిమిది సాగరములకు పైన వలయును! కేంద్ర జలసంఘము పరిశీలించి, వ్యయము తక్కువగా వేయబడినదనియు, పథకము గిట్టుబాటు కాదనియు తేల్చినది.

ఇందు రావుగారి గొప్పతనము తగ్గినదని మేమనుకొనము. తన కలకు పట్టు శక్తిని, నీటిని అంకెలలో లోకముముందు పెట్టినందుననే దానిని పరీక్షించి త్రోసివేయుట సాధ్యమయ్యెను. అంకె లేని వాగ్దానమును ఎవరు పరీక్షింపగలరు?

ఒక వృత్తిలో పుట్టిన జ్ఞానము మంత్రిపదవికి వచ్చినపుడు మేలే కలుగునని మాత్రము మేము చెప్పజాలము. యుక్రేను దేశమున యూలియా తిమోషెంకో యను స్త్రీ 1995 మొదలు 1997 వరకు పెద్ద గ్యాసు వ్యాపారసంస్థకు అధిపతిగా నుండి, రాజకీయములలో ప్రవేశించి, 1999 చివర ఇంధనశాఖను చూచు ఉపప్రధానియై, 2005లోను మరల 2007 డిసెంబరు మొదలు 2010 వరకును ప్రధానమంత్రి పదవి వహించెను. 2009లో రష్యాతో జరిగిన గ్యాసు ఒప్పందము విషయమై 2011లో ఆమెను చెరపెట్టిరి. అది రాజకీయకక్షయని ఐరోపాలో పెక్కురు విమర్శించిరి. 2014లో విడుదల యయ్యెను. ఇంధనపు లెక్క తెలిసినవారిని ప్రజలు పదవి కెక్కింతురు. ఆ లెక్క యెవరికొరకు వేసితివని వారినే నిలదీయుదురు. రెండును న్యాయమే.

మన సాగరపు లెక్కలోను ఒక పద్దు మిగిలియున్నది. ఆ నీటి యడుగున ఇక్ష్వాకుల విజయపురి కలదు. అచ్చటి మహాచైత్యమునకు స్తంభములు దానముచేసినది శాంతమూల మహారాజు సోదరి చాంతిసిరి; ఆమె పేరు శాసనములలో నేటికిని నిలిచియున్నది. ఆ శిల్పములను త్రవ్వి తీసి, కొండమీదికి చేర్చి భద్రపరచిరి. మంచిదే. కాని అదే లోయలో పొయ్యి ఆర్పి, తులసికోటను విడిచి, బిడ్డల చేయి పట్టుకొని లేచిపోయిన ఇల్లాండ్ర పేర్లు ఏ శాసనముననున్నవి? ఆనకట్టకు ఘనపుటడుగులు లెక్కించినవారు, ఈ యడుగులను కూడ లెక్కింపవలసియుండెను.

సాగరపు కృష్ణాజలము 2004 మొదలు నూరు కిలోమీటర్లకు పైగా గొట్టములలో నడచి మన జంటనగరముల ప్రక్కకు వచ్చుచున్నది. నడచుటయే కాదు, మూడువందల మీటర్లకు పైగా ఎక్కుచున్నది. 2019లో ఆరంభమైన కాళేశ్వరపు ఎత్తిపోతలనుగూర్చి రేగిన వాదములందును ఎత్తుటకగు విద్యుత్తు వ్యయము ముఖ్యమైన ప్రశ్న. మేడమీది మామ్మగారి ప్రశ్నయు నదియే.

లక్ష్మణరావుగారు 1986 మే 18వ తేదీన గతించిరి. పులిచింతల జలాశయమునకు వారి పేరు పెట్టియున్నారు. మన మాయనకు చేయదగిన స్మారక మొకటి కలదు. సోదరీమణులారా, మీ గుమ్మమునకు నీరిత్తునని వచ్చిన ప్రతివారిని ఆ మూడు ప్రశ్నలును అడుగుడు. దానితో నాల్గవది చేర్చుడు: ఎవరి యిల్లు ముంచి?

విద్యుత్తు మధ్యాహ్నమునకు వచ్చెను. మోటారు తిరుగగా మామ్మగారు కుళాయి విప్పి, బిందె నిండగానే కట్టివేసిరి. మేమును ఆనాటినుండి బియ్యము కడిగిన నీటిని మొక్కలకు పోయుచున్నాము. ఆ నీరు ఎంతయెత్తు ఎక్కి వచ్చినదో ఇప్పుడు మాకు తెలియును.