ప్రీపోన్ తప్పా? గిడుగు వారి పోరాటం చదివినవాళ్లు చెప్పాల్సిన జవాబు

ముఖర్జీ నగర్‌లో ఆప్షనల్ ఏది తీసుకోవాలన్న వాదన తర్వాత ఎక్కువగా వినపడేది ఇంగ్లీష్ వాదన. బత్రా సినిమా ముందు టీ తాగుతూ కాసేపు నిలబడితే చాలు, ఎవరో ఒకరు పక్కవాణ్ణి సరిదిద్దుతూ కనిపిస్తారు. "ప్రీపోన్ అనే మాటే లేదు భాయ్." "డూ ద నీడ్‌ఫుల్ అని రాస్తే ఎగ్జామినర్ నవ్వుతాడు." "వాక్యాన్ని బట్‌తో మొదలుపెట్టకూడదు." ఇక టెలిగ్రామ్ గ్రూపుల్లో తిరిగే 'సాధారణ తప్పులు' పీడీఎఫ్‌ల సంగతి చెప్పక్కర్లేదు. ఎవడు తయారు చేశాడో తెలియదు, అందరి ఫోన్లోనూ ఉంటుంది.

ఈ వాదనల్లో నష్టపోయేది ఎక్కువగా తెలుగు మీడియం, హిందీ మీడియం నుంచి వచ్చినవాళ్లే. నలుగురిలో ఒకసారి సరిదిద్దించుకున్నవాడు మర్నాటి నుంచి గ్రూప్ డిస్కషన్‌లో నోరు విప్పడు. పాలిటీ మీద మంచి పట్టున్న మిత్రులు మాక్ ఇంటర్వ్యూకి వెళ్లడమే మానేశారు. నా అభిప్రాయం ముందే చెప్పేస్తాను. మనం తప్పులని భయపడేవాటిలో చాలా వరకు తప్పులు కావు. నిజంగా మార్కులు పోగొట్టే తప్పుల జోలికి మాత్రం ఎవరూ వెళ్లడం లేదు.

ముందు పరీక్ష సంగతి. మెయిన్స్‌లో పేపర్-బి ఇంగ్లీష్, 300 మార్కులు, పదో తరగతి స్థాయి. 25 శాతం అంటే 75 మార్కులు వస్తే చాలు, ఆ మార్కులు ర్యాంకులో కలవవు. కానీ ఆ 75 రాకపోతే ఎస్సే, జీఎస్, ఆప్షనల్ పేపర్లను పరిగణనలోకే తీసుకోరు. ఏడాది కష్టం అక్కడే ఆగిపోతుంది. వ్యాసం, కాంప్రహెన్షన్, ప్రెసీ పోగా గ్రామర్‌కీ, పదాల వాడుకకీ మిగిలేది 50 మార్కులు. అంటే మనం కొట్టుకు చచ్చేది 300లో 50 కోసం. అందులోనూ ప్రీపోన్ గురించి అడిగే అవకాశం దాదాపు లేదు.

ఇంగ్లీష్ భయం ఈ వీధుల్లో కొత్తది కాదు. 2013 మార్చిలో ఇంగ్లీష్ మార్కుల్ని మెరిట్‌లో కలుపుతూ నోటిఫికేషన్ వస్తే పార్లమెంటులో గొడవ జరిగి, అదే నెలలో వెనక్కి తీసుకున్నారు. 2014 వేసవిలో సీశాట్ మీద ఆందోళన జరిగింది ఇక్కడే. ఇంగ్లీష్ కాంప్రహెన్షన్ మార్కులు మెరిట్‌లో లెక్కించబోమని ప్రభుత్వం ఆ ఆగస్టులో ప్రకటించింది. 2015 నుంచి రెండో పేపర్ మొత్తాన్ని 33 శాతంతో క్వాలిఫయింగ్ చేశారు. ఆందోళనకారులు తరచూ చూపిన ఉదాహరణ ఒకటుంది. స్టీల్ ప్లాంట్ అన్న మాటను హిందీ ప్రశ్నపత్రంలో ఉక్కు మొక్క అని అర్థం వచ్చేలా అనువదించారట. విశాఖ మిత్రులకి ఇది నవ్వు తెప్పిస్తుంది గానీ, పరీక్ష హాల్లో ఆ ప్రశ్న చదివినవాడికి నవ్వు రాలేదు. మాట వాడుక ఒకరి భవిష్యత్తుని తేల్చేంత పెద్ద విషయం అని ఈ కాలనీకి బాగా తెలుసు. అందుకే ఏ మాట గురించి భయపడాలో కూడా తెలిసి ఉండాలి.

నిజమైన తప్పులు ఏవంటే, మన తెలుగు వాక్యం ఇంగ్లీష్‌లోకి చొరబడిన చోట వచ్చేవి. తెలుగులో 'గురించి చర్చించాం' అంటాం కాబట్టి డిస్కస్ పక్కన అబౌట్ చేరుతుంది. 'నాకు ఇద్దరు అన్నలు ఉన్నారు' అనేది ఐ యామ్ హావింగ్ అవుతుంది. 'పేదవాడైనప్పటికీ, కానీ' అని ఆగి ఆలోచించే అలవాటు వల్ల ఒకే వాక్యంలో ఆల్దో, బట్ రెండూ వస్తాయి. 'అతను ఎక్కడున్నాడో తెలియదు' అన్నది ఐ డోంట్ నో వేర్ ఈజ్ హీ అయిపోతుంది. తెలుగులో ఆర్టికల్స్ లేవు కాబట్టి ఏ, ద ఎక్కడ పెట్టాలన్నది మనకి ఎప్పుడూ ఊహే. వన్ ఆఫ్ ద తర్వాత రీజన్ అని ఏకవచనం రాయడం, ద క్వాలిటీ ఆఫ్ రోడ్స్ తర్వాత ఆర్ పెట్టడం... కాపీలు మార్చుకుని దిద్దుకుంటే ప్రతి పేజీలో ఇవే కనిపిస్తాయి. ఎవరి అభిరుచితోనూ వీటికి పని లేదు. ఇంగ్లీష్ మాతృభాషగా ఉన్న పల్లెటూరి రైతు కూడా వేర్ ఈజ్ హీ అని ఆ చోట అనడు. పరీక్షలో వాక్యాన్ని సరిచేసి రాయమని అడిగేది సరిగ్గా ఇలాంటివే.

రెండో రకం మన దేశపు ఇంగ్లీష్. ప్రీపోన్ ఇప్పుడు ఆక్స్‌ఫర్డ్ నిఘంటువులో ఉంది. పోస్ట్‌పోన్‌కి ఎదురుమాట కావాల్సి వచ్చింది, జనం వాడారు, నిలబడింది. లక్ష, కోటి అన్న లెక్క లేకుండా మన కేంద్ర బడ్జెట్ ప్రసంగమే నడవదు. అవుట్ ఆఫ్ స్టేషన్ అన్నది అధికారులు తమకి కేటాయించిన స్టేషన్‌లో ఉండాల్సిన కంపెనీ, దొరల కాలం నాటి మాట. పాస్‌డ్ అవుట్ అంటే మనకి డిగ్రీ పూర్తి చేయడం, అమెరికాలో స్పృహ తప్పడం. మీ చెల్లెలు డల్లాస్‌లో ఉంటే ఆవిడకి చెప్పండి, మీకు అక్కర్లేదు.

డూ ద నీడ్‌ఫుల్ విషయంలో మాత్రం నా అభ్యంతరం వేరు. ఒకప్పుడు బ్రిటన్‌లోనూ మామూలుగా వాడిన మాటే అది, అక్కడ పోయింది, మన ఫైళ్లలో మిగిలింది. గ్రామర్ ప్రకారం దోషం లేదు. కానీ 'అవసరమైనది చేయగలరు' అంటే ఏం చేయాలి? ఎవరు చేయాలి? ఎప్పటిలోగా? రేపు మండలానికి రాసే ఉత్తరంలో ఈ మూడూ లేకపోతే ఆ ఫైలు మళ్లీ మన టేబుల్ మీదికే వస్తుంది. తిట్టదలిస్తే ఆ మాటని అందుకు తిట్టాలి, ఇండియన్ ఇంగ్లీష్ అని కాదు.

మూడో రకం ఉత్త మూఢనమ్మకాలు. వాక్యం చివర ప్రిపొజిషన్ రాకూడదన్న పట్టింపుని ప్రచారంలోకి తెచ్చినవాళ్లలో ముఖ్యుడు డ్రైడెన్ అనే కవి. 1672లో తనకంటే ముందటి బెన్ జాన్సన్‌ని ఇందుకు తప్పుపట్టాడు. లెస్ వేరు, ఫ్యూయర్ వేరు అన్నది 1770లో రాబర్ట్ బేకర్ అనే ఆయన తనకి ఇలా బాగుంటుందని రాసుకున్న ఇష్టం, తర్వాతివాళ్లు దాన్ని చట్టం చేశారు. ఇలాంటివాటిని ఫౌలర్ 1926లోనే తన వాడుక నిఘంటువులో వెక్కిరించాడు. ఇంగ్లాండులో వందేళ్ల కిందట వెక్కిరింత అయిపోయిన నియమాన్ని మనం ముఖర్జీ నగర్‌లో నోట్స్‌గా జిరాక్స్ తీయించుకుంటున్నాం. పేపర్ దిద్దేవారి పట్టింపులేమిటో మనకి తెలియదు కాబట్టి పరీక్షలో వీటికి దూరంగా ఉంటే ఉండండి, ఖర్చేమీ లేదు. వీటి పేరుతో పక్కవాడి నోరు మాత్రం మూయించకండి.

అసలు ఈ విషయంలో మన తెలుగువాళ్లం ఇంకొకరి దగ్గర పాఠం నేర్చుకోనక్కర్లేదు. వందేళ్ల కిందట ఇదే యుద్ధం మన ఇంట్లో జరిగింది. చిన్నయ సూరి బాలవ్యాకరణం 1858లో వచ్చింది. గొప్ప పుస్తకం, అందులో అనుమానం లేదు. కానీ బళ్లో పిల్లవాడు రాసేది ఆ వ్యాకరణానికి లోబడే ఉండాలన్నప్పుడు 'చేస్తున్నాడు' తప్పయింది, 'చేయుచున్నాడు' ఒప్పయింది. పుస్తకంలో తెలుగు ఒకటి, జనం మాట్లాడే తెలుగు ఒకటి ఎందుకున్నాయని స్కూళ్ల తనిఖీకి వచ్చిన యేట్స్ దొర అడిగాడు. ఆ ప్రశ్నని గిడుగు రామమూర్తి పంతులు గారు జీవితాంతం మోశారు. స్కూల్ ఫైనల్‌లో తెలుగు వ్యాసాన్ని వాడుక భాషలో రాసే వీలు కొంతకాలం దొరికింది. 1911లో ఏర్పడిన ఆంధ్ర సాహిత్య పరిషత్తు, జయంతి రామయ్య పంతులు గారు గట్టిగా వ్యతిరేకించడంతో అదీ పోయింది. గురజాడ 1914లో మద్రాసు విశ్వవిద్యాలయానికి తన అసమ్మతి పత్రం ఇచ్చారు.

ఇందులో నాకు బాగా నచ్చేది గిడుగు వారి వాదించే పద్ధతి. వాడుక భాష అందంగా ఉంటుందని ఆయన ఊరికే అనలేదు. గ్రాంథికం తప్ప ఒప్పుకోమన్న పండితుల పుస్తకాలే తీసి, వాళ్ల గ్రాంథికంలో వాళ్ల వ్యాకరణం ప్రకారమే ఉన్న తప్పుల్ని పేజీలకు పేజీలు చూపించారు. నియమం పెట్టినవాడికే పాటించడం చేతకానప్పుడు, పదో తరగతి పిల్లవాణ్ణి దాని మీద ఫెయిల్ చేయడమేమిటన్నది ఆ పద్ధతిలోంచి వచ్చే ప్రశ్న. ఆయన 1940లో పోయారు. విశ్వవిద్యాలయాల్లో వాడుక భాషకి పూర్తి గుర్తింపు ఆ తర్వాత చాలా ఏళ్లకి గానీ రాలేదు. ఈరోజు పేపర్-ఎ తెలుగులో మనం హాయిగా 'చేస్తున్నాడు' అని రాసి మార్కులు తెచ్చుకుంటున్నాం. ఆయన పుట్టిన ఆగస్టు 29ని తెలుగు భాషా దినోత్సవంగా జరుపుకుని, అదే సాయంత్రం ప్రీపోన్ అన్నవాణ్ణి చూసి నవ్వడం నాకు వింతగా ఉంటుంది. తెలుగు సాహిత్యం ఆప్షనల్‌లో భాషోద్యమాలు సిలబస్‌లోనే ఉన్నాయి. చదివింది నోట్స్‌కే పరిమితమైందన్నమాట.

అలాగైతే జనం ఏదంటే అదే గ్రామర్, మనకి నేర్చుకునే పనేమిటని ఒక మిత్రుడు అడిగాడు. గిడుగు వారి మాట ఎత్తి సోమరితనానికి వాడుకోవడం కూడా తప్పే. ఆయన వ్యాకరణం వద్దన్నవారు కాదు. సవరల మధ్య తిరిగి, వాళ్ల భాష నేర్చుకుని, రాత లేని ఆ భాషకి ఆయనే వ్యాకరణం రాశారు. ముందు మాట్లాడేవాళ్లని విన్నారు, తర్వాత సూత్రం కట్టారు. ఇంగ్లీష్‌లోనూ అంతే. మాట్లాడేవాళ్లంతా పాటించే సూత్రం మనం నేర్చుకోవాల్సిందే. ఆర్టికల్స్ దగ్గర 'ఇది మా తెలుగు ఇంగ్లీష్' అంటే ఎగ్జామినర్ ఒప్పుకోడు, ఒప్పుకోనక్కర్లేదు కూడా.

మాటల మీద ఇంత ఆసక్తి ఉన్నవాళ్లం దాన్ని పాలిటీలో ఎందుకు వాడుకోమో నాకు అర్థం కాదు. 320(3) అధికరణ ప్రకారం క్రమశిక్షణ వ్యవహారాల్లో పబ్లిక్ సర్వీస్ కమిషన్‌ని సంప్రదించాలి. అక్కడున్న మాట షల్. గ్రామర్ పుస్తకం అడిగితే షల్ అంటే తప్పనిసరి. 1957లో మన్‌బోధన్ లాల్ శ్రీవాస్తవ కేసులో సుప్రీంకోర్టు ఆ చోట తప్పనిసరి కాదని, సంప్రదించనంత మాత్రాన చర్య చెల్లకుండా పోదని తేల్చింది. న్యాయమూర్తుల నియామకంలో కన్సల్టేషన్ అన్న మాట చూడండి. 1981లో అది సలహా తీసుకోవడం మాత్రమే. 1993కి వచ్చేసరికి అదే మాటకి ప్రధాన న్యాయమూర్తి అభిప్రాయానికే పైచేయి అన్న అర్థం వచ్చింది. రాజ్యాంగంలో అక్షరం మారలేదు. రాష్ట్రపతి గురించి హీ అని రాసిన అధికరణల కింద ప్రతిభా పాటిల్ గారు అయిదేళ్లు రాష్ట్రపతిగా ఉన్నారు. పుంలింగ పదంలో స్త్రీలూ వస్తారని 1897 జనరల్ క్లాజెస్ చట్టం చెప్తుంది కాబట్టి ఇబ్బంది రాలేదు. జీఎస్-2లో ఇవి రాయగలిగితే మార్కులు. టీ కొట్టు దగ్గర లెస్, ఫ్యూయర్ తేడా చెప్తే టీ డబ్బులు కూడా రావు.

మెయిన్స్‌కి కూర్చోబోయేవాళ్లకి నేను చెప్పేది ఇంతే. పీడీఎఫ్‌లు డిలీట్ చేసి గత పదేళ్ల పేపర్-బి ప్రశ్నలు టైమ్ పెట్టుకుని రాయండి. వారానికి ఒక ప్రెసీ రాయండి, 75 మార్కులు అక్కడే ఉన్నాయి. మీ తప్పులు ఒక పేజీలో రాసుకోండి, ఊరి తప్పులన్నీ వద్దు. తెలుగు మీడియంలో మెయిన్స్ రాసేవాళ్లకి ఇంటర్వ్యూ తెలుగులో ఇచ్చే హక్కు కూడా ఉంది, ఆ ఎంపిక ఫారం నింపే రోజు హడావిడిగా కాకుండా ఇప్పుడే ఆలోచించుకోండి. పేపర్-ఎ తెలుగులో అనువాదం ప్రశ్న గురించి చాలామంది అడిగారు, దాని మీద వచ్చే వారం రాస్తాను.