డబ్బాకోడి కనుమ

పిల్లలూ! కనుమనాడు మినుము తినాలని పెద్దలంటారు. అందుకే ఆనాడు మన ఇళ్ళలో గారెలు వండుతారు. మాంసం తినే ఇళ్ళలో ఆ గారెలకు తోడు కోడికూర ఉండవలిసిందే. ఆ కోడి పెరట్లోంచి వస్తుంది, లేకపోతే సంతలోంచి వస్తుంది. కాని 1988లో, విశాఖపట్నం వన్‌టౌన్‌లో, రేవుకు దగ్గిరగా ఉన్న ఒక ఇంట్లో, కనుమనాడు నేను తిన్న కోడి ఓడమీద వచ్చింది. అదీ రేకుడబ్బాలో!

ఆ ఇంటి కుర్రవాడు అప్పుడు మా బడిలో ఏడవ తరగతి చదువుతున్నాడు. వాడి తండ్రి సరుకుల ఓడల్లో పని చేసేవాడు. ఎనిమిది నెలలు సముద్రం మీద తిరిగి, సరిగా భోగికి ముందురోజున ఇల్లు చేరాడు. కొడుక్కోసం ఎక్కడో విదేశపు రేవులో కొన్న రెండు డబ్బాలు తెచ్చాడు. డబ్బా మీద కోడిపెట్ట బొమ్మ ఉన్నది. దాని కింది అక్షరాలు ఏ భాషవో ఎవరికీ తెలియలేదు. ఇంత చిన్న డబ్బాలో అంత కోడి ఎట్లా దూరిందని చెల్లెలు అడిగితే, "గుడ్డుగా ఉన్నప్పుడే దూరి ఉంటుందిలే!" అన్నాడట మావాడు.

కనుమనాడు పొద్దున్నే వాడు ఒక డబ్బా చంకలో పెట్టుకుని మా ఇంటికి పరుగెత్తుకొచ్చాడు. కళ్ళనిండా నీళ్ళు.

"మాస్టారూ! డబ్బాలో మూసి ఉడికించింది చెడిపోదని మీరే కదండీ పాఠంలో చెప్పారు! మా నాయనమ్మ దీన్ని పాతిపెట్టమంటున్నది. మా నాన్న నాకోసం తెచ్చాడండీ!" అన్నాడు.

నేను అట్లా చెప్పిన మాట నిజమే. ఏం చెప్పానో మీరూ వినండి.

ఫ్రాన్సులో నికొలా అపేర్ అనే మిఠాయిలవాడు ఉండేవాడు. అతను మాంసం, కూరలు, పళ్ళు గాజుసీసాల్లో నింపి, గాలి చొరకుండా బిరడా బిగించి, ఆ సీసాలను మరిగే నీళ్ళలో చాలాసేపు ఉంచేవాడు. నెలలు గడిచినా అవి చెడేవి కావు. 1810లో ఫ్రెంచి ప్రభుత్వం అతనికి 12,000 ఫ్రాంకులు బహుమానం ఇచ్చింది. తమాషా ఏమంటే, పదార్థాలు ఎందుకు చెడటం లేదో అపేర్‌కు తెలియదు! సూక్ష్మజీవులే కారణమని పాస్తర్ రుజువు చేసింది ఆ తరవాత యాభై ఏళ్ళకు.

గాజు పగులుతుంది గనక, ఇంగ్లండులో తగరపు పూత పూసిన ఇనుపరేకు డబ్బాలు వచ్చాయి. 1813 నాటికే వాటిలో మాంసం నింపి బ్రిటిషు నౌకాదళానికి అమ్మసాగారు. ఓడలకూ డబ్బాలకూ స్నేహం అప్పటిది. మన రామకృష్ణా బీచిలో 2002 నుంచి ప్రదర్శనశాలగా ఉన్న కురుసుర జలాంతర్గామిని చూశారు కదూ? అందులో డెబ్బైమందికి పైగా నావికులుండేవారు. వారి వంటగది మన ఇంట్లో బట్టల బీరువాకన్న కాస్త పెద్దది, అంతే! నీళ్ళ అడుగున తాజా కూరలు ఎన్నాళ్ళు నిలుస్తాయి? అవి అయిపోతే ఇక డబ్బాలే గతి.

నేను పాఠంలో చెప్పింది ఇంతవరకే. ఆ పొద్దున డబ్బాను చేతిలోకి తీసుకుని చూద్దును గదా, దాని మూత బూరెలాగా ఉబ్బి ఉన్నది! బొటనవేలితో నొక్కితే లోపలికి పోయి, 'టక్కు'మని మళ్ళీ పైకి లేచింది.

వాణ్ణి వెంటబెట్టుకుని వాళ్ళ ఇంటికి వెళ్ళాను. తండ్రి మొహం చిన్నబుచ్చుకుని కూర్చున్నాడు. "ఒక్కసారి తెరిచి వాసన చూద్దాం మాస్టారూ, బాగుంటే వండుకోవచ్చు" అన్నాడు. ఆయన తల్లి నలభై ఏళ్ళు తట్ట నెత్తిన పెట్టుకుని వీధివీధీ చేపలమ్మిన మనిషి. ఆమె నాకేసి చూసి, "మాస్టారు బాబూ! పొట్ట ఉబ్బిన చేపను నేను పరాయివాళ్ళకే అమ్మలేదు. పొట్ట ఉబ్బిన డబ్బాను నా మనవడికి పెడతానా?" అన్నది.

ఆమె చెప్పిందే సరి అన్నాను. కుర్రవాడు నాకేసి చూసిన చూపు ఇప్పటికీ మరచిపోలేదు. "మరి పాఠంలో..." అన్నాడు. "పాఠం సగమే చెప్పానురా. తప్పు నాది" అన్నాను.

తక్కిన సగం ఇది. కొన్ని సూక్ష్మజీవులు గట్టి కవచం తొడుక్కుని నిద్రపోతాయి. మామూలుగా నీళ్ళు మరిగే వేడికి అవి చావవు. అందుకని మాంసపు డబ్బాలను పెద్ద పెద్ద ప్రెషర్ కుక్కర్ల వంటి పాత్రల్లో 121 డిగ్రీల దాకా వేడిచేస్తారు. ఆ వేడి చాలకపోయినా, తరవాత డబ్బాకు సన్నని చిల్లి పడినా, సూక్ష్మజీవులు లోపల పెరిగి వాయువు పుట్టిస్తాయి. అప్పుడు మూత ఉబ్బుతుంది. వాటిలో ఒకదానికి గాలి లేనిచోటే ఇష్టం. దాని పేరు క్లాస్ట్రిడియం బోట్యులినం. అది తయారుచేసే విషం ఏ కాస్త లోపలికి పోయినా నరాలు పట్టుతప్పి, ఊపిరి ఆడక మనిషి చనిపోవచ్చు. ఆ విషానికి ఒక్కొక్కప్పుడు రుచీ ఉండదు, వాసనా ఉండదు. ఇక వాసన చూసి ఏం తెలుసుకుంటారు? కొన్ని డబ్బాలు ప్రమాదం లేని కారణాలవల్ల కూడా ఉబ్బుతాయి. కాని ఏది ఎందుకు ఉబ్బిందో బయటినుంచి ఎవరు చెప్పగలరు?

తండ్రే లేచి పెరట్లో లోతుగా గొయ్యి తీసి, కుక్కలు తవ్వకుండా పైన రాయి పెట్టాడు.

రెండో డబ్బా మూత కొంచెం లోపలికే ఉన్నది. చిల్లి లేదు, తుప్పు లేదు, సొట్ట లేదు. సరే, వండుదామన్నారు. కాని తెరవటం ఎట్లా? డబ్బాలు పుట్టిన నలభై ఏళ్ళకు గాని, 1855 ప్రాంతంలో గాని, వాటిని తెరిచే పనిముట్టు పుట్టలేదు. అంతదాకా ఉలీ సుత్తే! మా కనుమకూ అవే దిక్కయినాయి. తండ్రి ఠంగుఠంగుమని కొడుతూంటే, గుమ్మంలో మూగిన పిల్లలను దూరంగా ఉంచటానికి నేను వారికొక కథ చెప్పాను.

1902 క్రిస్మస్‌నాడు స్కాట్, విల్సన్, షాకల్టన్ అనే ముగ్గురు దక్షిణధ్రువపు మంచులో ఉన్నారు. రోజూ ఎండుమాంసమూ కొవ్వూ కలిపిన పెమ్మికన్ ముద్దను నీళ్ళలో కాచుకుని తాగటమే వారి భోజనం. ఆకలి తీరేది కాదు. ఆనాడు షాకల్టన్ తన సామానులోంచి ఒక మేజోడు తీసి, దాంట్లోంచి చిన్న క్రిస్మస్ పుడ్డింగు బయటికి లాగాడు. అన్నాళ్ళూ తన స్నేహితులకు తెలియకుండా దాచి ఉంచాడు! "మేజోడు ఉతికిందేనా?" అని చెల్లెలు అడిగింది. ఆ సంగతి నాకు తెలియదన్నాను.

కొరియాలోనూ ఇటువంటి వింతే ఉన్నది. 1950లో మొదలైన యుద్ధకాలంలో అమెరికా సైనికులు అక్కడికి స్పామ్ అనే డబ్బామాంసం తెచ్చారు. కరువురోజుల్లో అది దొరకటమే గొప్పగా ఉండేది. మన సంక్రాంతి వంటి పంటపండుగ చుసాక్ వారికి ఉన్నది. ఆ పండుగకు ఇప్పటికీ స్పామ్ డబ్బాలను అందమైన పెట్టెల్లో పెట్టి చుట్టాలకు కానుకగా ఇచ్చుకుంటారు.

డబ్బా తెరుచుకున్నది. అందులో మాంసం అంతకుముందే ఉప్పువేసి ఉడికించినదని కుర్రవాడి తల్లికి ఎవరమూ చెప్పలేదు. ఆమె అలవాటు చొప్పున ఉప్పూ కారమూ వేసి, మరొక అరగంట ఉడికించింది. ముక్కలు పీచుపీచు అయినాయి. గారె ముంచి నోట పెట్టుకుంటే సముద్రం మింగినట్టున్నది.

"ఓడలో ఊరికే కూర్చోలేక సముద్రం తాగింది కాబోలు" అన్నది నాయనమ్మ. కూరలో ఇంత చింతపండు పులుసు పోసి, మనిషికి మూడేసి ముక్కలు పంచింది. కుర్రవాడు తన వంతులోంచి ఒక ముక్క తీసి ఆమె నోట పెట్టాడు. ఆమె చాలాసేపు నమిలి, "మంచిదేరా, మీ నాన్న తెచ్చాడుగా!" అని చేపలపులుసు గిన్నె దగ్గిరికి లాక్కున్నది.

సెలవులయినాక ఆ పాఠం నేను మళ్ళీ మొదటినుంచి చెప్పాను. ఖాళీ డబ్బాను బల్లమీద పెట్టింది వాడే.