కవుల, గుస్తి: జావా మార్మికతపై ముందే వెలువడిన తీర్పు

జావా మార్మిక సాహిత్యానికి కేంద్రమైన భావన ‘మనుంగ్గలింగ్ కవుల గుస్తి’. కవుల అంటే సేవకుడు, గుస్తి అంటే ప్రభువు. ఆ ఇద్దరూ ఒక్కటి కావడమని దాని అర్థం. దీనిని క్రైస్తవ దైవశాస్త్రంతో పోల్చే విమర్శకులు తరచుగా వేసే మొదటి ప్రశ్న: ఇది సర్వేశ్వరవాదమా, కాదా? పోలిక దారి తప్పేది ఇక్కడే.

సులుక్‌లనే జావా మార్మిక గీతాలపై జెస్యూట్ పండితుడు జూట్‌ముల్డర్ 1935లో వెలువరించిన సిద్ధాంత గ్రంథం శీర్షికలోనే సర్వేశ్వరవాదం, ఏకతత్త్వవాదం అనే మాటలున్నాయి. మూలపాఠాలను అంత శ్రద్ధగా చదివినవారు అరుదు; ఆ ఋణం కాదనరానిది. కానీ ఆ రెండు పదాలూ సులుక్ కవులవి కావు, యూరప్ తత్త్వశాస్త్రానివి.

వ్యాసభారతంలోగాని కవిత్రయ భారతంలోగాని లేని దేవరుచి కథ ఈ విషయంలో నిర్ణాయకం. జీవజలాన్ని వెదకుతూ సముద్రంలో దిగిన భీముడికి తన రూపంలోనే ఉన్న అతి చిన్న దేవుడు ఎదురవుతాడు. భీముడు ఆ దేవుని ఎడమ చెవి గుండా లోపలికి ప్రవేశిస్తాడు. అక్కడ సమస్త జగత్తూ కనిపిస్తుంది. ఇంతకూ ఎవరు ఎవరిలో లీనమైనట్లు? అక్కడే ఉండిపోతానన్న కోరికను దేవరుచి అంగీకరించడు. బతికి ఉన్నంతకాలం భీముడు వెనుదిరిగి తన ధర్మం నిర్వర్తించవలసిందే. భేదాన్ని పూర్తిగా రద్దుచేసే వాదమని ముద్ర వేసినవారు ఈ తిరుగు ప్రయాణానికి సమాధానం చెప్పాలి.

కొలబద్దలోనూ పక్షపాతముంది. జావా వైపు నుంచి అతి సాహసోక్తులను, క్రైస్తవం వైపు నుంచి అతి జాగరూకమైన సిద్ధాంతాలను ఎత్తి చూపితే ఫలితం ముందే తెలిసిపోతుంది. ఎకార్ట్ మరణానంతరం, 1329లో, పోప్ 22వ జాన్ శాసనం ఆయన బోధలలోని 28 ప్రతిపాదనలను తప్పుపట్టింది. తూర్పు సంఘాలలోనైతే మానవుని దైవీకరణం రక్షణకే మరో పేరు. దేవుని సారం అందదని, ఆయన శక్తులలో మాత్రం పాలుపంచుకోవచ్చని 14వ శతాబ్దంలో గ్రెగొరీ పాలమాస్ వాదించాడు. ఇన్ని స్వరాలున్న క్రైస్తవాన్ని ఒకే గీటురాయిగా నిలపడం చరిత్రకు విరుద్ధం. జావా పక్షమూ ఏకస్వరం కాదు. మరణదండన పొందిన సితి జెనార్ దోషం అబద్ధం చెప్పడం కాదు, రహస్యాన్ని వెల్లడించడమని పలు కథనాలు చెబుతాయి.

‘సుక్స్మ’ వంటి సంస్కృత భవాలు కనబడగానే ఇదంతా అద్వైతమేనని తేల్చడం తెలుగు పాఠకుడికి సులభమే, అదీ తొందరపాటే. ‘మనుంగ్గల్’కు మూలమైన ‘తుంగ్గల్’ జావా సొంత మాట.

జావా క్రైస్తవులు యేసును పిలిచేదీ ‘గుస్తి’ అనే. మర్యాదభాషలో ‘నేను’ అనే అర్థమిచ్చే ‘కుల’ కవుల నుంచి పుట్టినదే. అంటే జావా భాషలో ప్రార్థించే క్రైస్తవుని నోట సేవకుడు, ప్రభువు ఇద్దరూ అవే పేర్లతో ఉన్నారు. పోలిక మొదలుపెట్టవలసినది ఆ ప్రార్థన నుంచి. వాదాల పట్టిక నుంచి కాదు.