లెన్స్ మీద ఒక్క ‘ఎస్’ చూసుకోకపోతే ఏమవుతుందో నాకు తెలుసు

కొత్తగా కెమెరా కొన్నవాళ్లు నన్ను ఎక్కువగా అడిగేది, "అన్నా, నెక్స్ట్ ఏ లెన్స్ కొనమంటావ్?" అని. నేను తిరిగి అడిగేది ఒక్కటే: "ఇప్పుడు నీ దగ్గరున్న లెన్స్ మీద ఏం రాసుందో చదివావా?" చాలామంది చదవరు. నేనూ చదవలేదు. అందుకే ఆరు వేలు పోగొట్టుకున్నా. డబ్బు కంటే విలువైంది ఇంకోటి కూడా పోయింది.

అప్పట్లో నా దగ్గర నికాన్ డీ3300, దాంతోపాటు వచ్చిన 18-55 కిట్ లెన్స్ ఉండేవి. అక్క పెళ్లి రాత్రి ముహూర్తం. ఫంక్షన్ హాల్ వెలుతురుకి కిట్ లెన్స్ చాలదు, 50 ఎంఎం 1.8 కావాలి అని ఎక్కడో చదివాను. పెళ్లికి నాలుగు రోజుల ముందు కోఠిలో ఒక సెకండ్ హ్యాండ్ షాపుకి వెళ్లా. నికాన్ అని ఉంది, 50 అని ఉంది, 1.8 అని ఉంది. ఇంకేం చూడాలి? బేరమాడి తెచ్చేసుకున్నా.

ఇంటికొచ్చి బిగిస్తే ఫోకస్ కావట్లేదు. షట్టర్ బటన్ సగం నొక్కి పట్టుకున్నా లెన్స్ ఉలకదు, పలకదు. మర్నాడు షాపుకెళ్తే, "లెన్స్ బాగానే ఉంది తమ్ముడూ, నీ బాడీలోనే మోటార్ లేదు" అన్నాడు. వెనక్కి తీసుకోనన్నాడు.

అతను చెప్పింది నిజమే. నా లెన్స్ మీద ‘ఏఎఫ్’ అని ఉంది. నాకు కావాల్సింది ‘ఏఎఫ్-ఎస్’. ఏఎఫ్-ఎస్ లెన్స్‌లో ఫోకస్ మోటార్ లెన్స్‌లోనే ఉంటుంది. పాత ఏఎఫ్ లెన్స్‌ని తిప్పడానికి కెమెరా బాడీలో మోటార్ ఉండాలి. నికాన్ డీ3000, డీ5000 సిరీస్ బాడీల్లో అది ఉండదు. బాక్స్ మీదా, స్పెసిఫికేషన్లలోనూ ఉన్న విషయమే. చదవని తప్పు నాది. అడక్కుండా అమ్మిన తప్పు షాపువాడిది.

పెళ్లిలో చేత్తోనే ఫోకస్ తిప్పుకుంటూ తీశాను. కదలకుండా కూర్చున్నవాళ్ల ఫోటోలు బాగానే వచ్చాయి. అప్పగింతలప్పుడు నాన్న అక్క చెయ్యి పట్టుకుని ఏడ్చినప్పుడు తీసిన ఫోటోలో మాత్రం వెనకాల పూల డెకరేషన్ షార్ప్‌గా ఉంది, నాన్న ముఖం మసగ్గా ఉంది. ఆ ఫైలు ఇంకా హార్డ్ డిస్క్‌లోనే ఉంది. ప్రింట్ వేయించలేదు.

ఒకటే అక్షరం, నాలుగు అర్థాలు

తప్పు పూర్తిగా మనదే అని కూడా నేను ఒప్పుకోను. ఈ ‘ఎస్’ సంగతే చూడండి. నికాన్ లెన్స్ మీద ఏఎఫ్-ఎస్ అంటే లోపల మోటార్ ఉందని. అదే నికాన్ కెమెరా మెనూలో ఏఎఫ్-ఎస్ అంటే ఒక్కసారి ఫోకస్ చేసి లాక్ చేసే మోడ్. కెనాన్ ఈఎఫ్-ఎస్‌లో ‘ఎస్’ అంటే చిన్న సెన్సర్ కెమెరాలకి మాత్రమే అని. నికాన్ జెడ్ మౌంట్ లెన్సుల మీద విడిగా కనిపించే ‘ఎస్’ ఖరీదైన సిరీస్‌కి గుర్తు. కొత్తగా నేర్చుకునేవాడు ఏమైపోవాలి?

చేతులు వణికినా ఫోటో చెదరకుండా కాపాడే స్టెబిలైజేషన్‌కీ ఇదే గతి. నికాన్‌లో వీఆర్, కెనాన్‌లో ఐఎస్, సోనీలో ఓఎస్ఎస్, సిగ్మాలో ఓఎస్, టామ్రాన్‌లో వీసీ. పని ఒకటే, పేర్లు ఐదు. ఇది సాంకేతికత కాదు, మార్కెటింగ్.

ముందు చదవాల్సినవి నాలుగే

నా అభిప్రాయంలో బిగినర్ ఈ నాలుగూ ఇదే వరసలో చదివితే చాలు.

మొదటిది మౌంట్. మీ కెమెరాకి అది బిగుస్తుందా? ఏ సెన్సర్ కోసం చేశారు? కెనాన్ ఈఎఫ్-ఎస్ లెన్స్ ఫుల్ ఫ్రేమ్ డీఎస్ఎల్ఆర్‌కి అసలు బిగించలేం. నికాన్ డీఎక్స్ లెన్స్ ఫుల్ ఫ్రేమ్ బాడీకి ఎక్కుతుంది కానీ ఫోటో కత్తిరించి వస్తుంది. సోనీలో ‘ఎఫ్ఈ’ అంటే ఫుల్ ఫ్రేమ్‌కి సరిపోయేది. ‘ఈ’ అని మాత్రమే ఉంటే చిన్న సెన్సర్‌కి. సిగ్మాలో డీజీ ఫుల్ ఫ్రేమ్, డీసీ చిన్న సెన్సర్.

రెండోది ఆటోఫోకస్ మోటార్. సెకండ్ హ్యాండ్‌లో నికాన్ కొనేవాళ్లకి ఇది ప్రాణం. పాతవే కాదు, కొత్తవాటితోనూ ఇబ్బంది ఉంది. ఏఎఫ్-పీ లెన్సులు డీ90 లాంటి పాత బాడీల మీద ఫోకస్ చెయ్యవు.

మూడోది ఫోకల్ లెంగ్త్. 18-55 అంటే 18 దగ్గర వెడల్పుగా, 55 దగ్గర దగ్గరగా కనిపిస్తుంది. ఒకే సంఖ్య ఉంటే జూమ్ లేదు, మనమే నడవాలి. ఫోన్ నుంచి కెమెరాకి వచ్చేవాళ్లు ఇక్కడ తికమకపడతారు. 2016లో వచ్చిన హువావే పీ9 వెనకాల లైకా పేరు పక్కన 1:2.2/27 అని ఉండేది. ఆ 27 ఫుల్ ఫ్రేమ్ లెక్కకి మార్చి రాసింది. కెమెరా లెన్స్ మీద మాత్రం అసలు కొలతే రాస్తారు. నికాన్ డీఎక్స్ బాడీ మీద దాన్ని 1.5తో గుణించుకోవాలి. అంటే కిట్ లెన్స్ 18 దగ్గర చూపించే వెడల్పు, ఆ ఫోన్ చూపించే వెడల్పు దాదాపు ఒకటే.

నాలుగోది అపర్చర్. లెన్స్ ముందు 1:3.5-5.6 అని కనిపించేది ఇదే. జూమ్ చేసేకొద్దీ 3.5 నుంచి 5.6కి పడిపోతుందని అర్థం. సంఖ్య ఎంత చిన్నదైతే వెలుతురు అంత ఎక్కువ. 5.6తో పోలిస్తే 1.8 దాదాపు పది రెట్లు ఎక్కువ వెలుతురు తీసుకుంటుంది. నేను 1.8 వెంట పడటంలో తప్పు లేదు, మిగతావి చూడకపోవడమే తప్పు.

ఇవయ్యాకే స్టెబిలైజేషన్. "వీఆర్ ఉంది సార్, రాత్రి ఫోటోలు అదిరిపోతాయ్" అంటే నమ్మేయకండి. అది మీ చేతి వణుకుని ఆపుతుందే గానీ, సంగీత్‌లో డాన్స్ చేసే పిల్లల్ని ఆపదు. దానికి షట్టర్ స్పీడ్ కావాలి, స్పీడ్‌కి వెలుతురు కావాలి. మళ్లీ నాలుగో పాయింట్‌కే వస్తాం. సున్నాకి అడ్డంగా గీత గీసిన గుర్తు పక్కన 52, 58 లాంటి సంఖ్య ఉంటే అది ఫిల్టర్ సైజు. ఫిల్టర్ కొనేటప్పుడు తప్ప దాంతో పనిలేదు. ఈడీ, యూడీ, ఎల్‌డీ లాంటివి లోపలి గాజు రకాలు. వాటిని చూసి లెన్స్ ఎంచుకోనక్కర్లేదు.

రివ్యూలు రాసే మాకూ ఇందులో వాటా ఉంది. లెన్స్ పూర్తి పేరుని స్పెక్ షీట్ నుంచి తెచ్చి అతికించేసి, "ఫోటోలు సూపర్" అని ముగిస్తాం. ఏ బాడీ మీద పనిచేయదో రాసే రివ్యూ ఎన్ని చూశారు? నా మట్టుకు నేను ఇకమీదట లెన్స్ రివ్యూలో ఆ మాటే మొదట రాస్తాను.

మీరు చెయ్యాల్సింది చిన్న పని. లెన్స్ కొనేముందు దాని పేరు మొత్తం ఒక కాగితం మీద రాసుకోండి, ప్రతి అక్షరానికీ పక్కన అర్థం రాయండి. ఒక్క అక్షరం తెలియకపోయినా డబ్బు తియ్యకండి. సెకండ్ హ్యాండ్ అయితే మీ బాడీ వెంట తీసుకెళ్లి, షాపులోనే బిగించి, ఫోకస్ అవుతుందో లేదో చూసుకుని కొనండి. లెన్స్ మళ్లీ కొనుక్కోవచ్చు. అప్పగింతలు మళ్లీ జరగవు.