గది చిన్నదైతే పేరును కోయవచ్చునా? – అర్రేల పాఠంలో తెలుగు



ఈసారి వ్రాయబోతున్నది సంధి సమాసాల గురించి కాదు, కంప్యూటరు పాఠం గురించి. తెలుగు పంతులుకు అందులో పనేమిటని అడిగేవారికి ముందే సమాధానం చెబుతాను. మా హోసూరు ప్రాంతపు తెలుగు పిల్లలలో కంప్యూటరు శాస్త్రం తీసుకొన్నవారు పదకొండో తరగతిలో సి ప్లస్ ప్లస్, పన్నెండులో పైథాను చదువుతారు. అర్రేల పాఠం రాగానే పుస్తకంలోని ఇంగ్లీషు పేరు తీసివేసి, తన పేరును తెలుగులో పెట్టి చూడాలని ఎవరో ఒకరికి తప్పక బుద్ధి పుడుతుంది. పేరు మధ్యలో తెగిపోతుంది. చివర నల్లని డైమండు బొమ్మలో ఒక ప్రశ్నార్థకం కనబడుతుంది. "కంప్యూటరుకు తెలుగు పడదు సార్" అని వచ్చి చెబుతారు. ఇంట తెలుగు, వీధిలో తమిళం, పుస్తకాలలో ఇంగ్లీషు నడుమ పెరిగే పిల్లవాడు ఆ మాట ఒకసారి నమ్మితే, దానిని పోగొట్టడం పద్యాలు వల్లె వేయించడం వల్ల అయ్యే పని కాదు. తప్పు భాషది కాదు, కొలత చూడకుండా కట్టిన గదిది అని ఆ పాఠంలోనే చూపించాలి. అందుకే అర్రేల పాఠాన్ని తెలుగు పేర్లతో చెప్పాలని నా అభిప్రాయం.

అర్రే అనగా ఒకదాని ప్రక్కన ఒకటిగా కట్టిన గదుల వరుస. స్థిర పరిమాణపు అర్రేలో గదులెన్నో ప్రోగ్రాము వ్రాసేటప్పుడే నిర్ణయించాలి. ఇరవై గదులన్నాక ఇరవయ్యే. డెన్నిస్ రిచీ 1970ల తొలినాళ్ళలో రూపొందించిన సి భాషలో ఇదే ప్రధానమైన పద్ధతి. ఇంతవరకు అందరూ చెబుతారు. చెప్పనిది తరువాతి మాట. ఈ అర్రేను లైబ్రరీలోని ఫంక్షనుకు అప్పగించినప్పుడు దానికి అందేది మొదటి గది చిరునామా ఒక్కటే. వరుసలో గదులెన్ని ఉన్నవో దానికి తెలియదు. స్ట్రింగును కాపీ చేసే పాత ఫంక్షను ముగింపు గుర్తైన సున్నా కనబడేదాకా నింపుకొంటూ పోతుంది. గదులు అయిపోతే ప్రక్కవారి ఇంట్లో పెడుతుంది. క్రమంలో పేర్చే ఫంక్షనుకు కూడా ఎన్ని ఉన్నవో మనమే వేరుగా చెప్పాలి. తప్పు చెబితే అది నమ్ముతుంది.

ఇప్పుడు మన పేరు. యూనికోడులో తెలుగుకు 128 స్థానాలు కేటాయించారు. యుటిఎఫ్-8 పద్ధతిలో ఒక్కొక్క తెలుగు సంకేతానికి మూడు బైట్లు పడుతుంది, ఇంగ్లీషు అక్షరానికి ఒకటే. హల్లు ఒక సంకేతం, గుణింతపు గుర్తు మరొకటి, వత్తుకు ముందు పొల్లు ఇంకొకటి. "వెంకటేశ్వర్లు" అనే పేరును నల్లబల్లపై విడదీయించండి. వ, ఎత్వం, సున్న, క, ట, ఏత్వం, శ, పొల్లు, వ, ర, పొల్లు, ల, కొమ్ము. మొత్తం 13. ఇంగ్లీషులో ఆ పేరును సాధారణంగా వ్రాసే స్పెల్లింగులోనూ 13 అక్షరాలే ఉండడం ఒక వింత. ఐతే ఇంగ్లీషుకు 13 బైట్లు, తెలుగుకు 39. ముగింపు సున్నాతో కలిపి 40.

పుస్తకంలో పేరుకు ఇచ్చిన గదులు ఇరవై అనుకొందాం. హద్దు చూసుకొనే కాపీ ఫంక్షనుకు 19 బైట్లే తీసుకొమ్మని చెప్పి, చివరి గదిలో సున్నా పెట్టాము. ఆరు సంకేతాలకు 18 బైట్లు సరిపోయి "వెంకటే" నిలుస్తుంది. పంతొమ్మిదో గదిలో శకారపు మూడు బైట్లలో మొదటిది మాత్రమే పడుతుంది. ఆ తెగిన ముక్కే నల్లని డైమండు. పిల్లవాడికి ఈ లెక్క వేసి చూపిన రోజున వాడి ముఖం చూడండి! వాడి పేరులో లోపం లేదు. హద్దు చూడని ఫంక్షను వాడి ఉంటే ఇరవై బైట్లు వెలుపల పడేవి, అది ఇంకా ప్రమాదం.

ఆ ప్రమాదం ఊహ కాదు. 1988 నవంబరులో మోరిస్ వర్మ్ అనే ప్రోగ్రాము ఇంటర్నెట్‌లోని వేలాది కంప్యూటర్లను స్తంభింపజేసింది. అది లోపలికి దూరిన మార్గాలలో ఒకటి సరిగ్గా ఇదే. 512 బైట్ల స్థిర అర్రే, హద్దు అడగకుండా చదివే ఒక లైబ్రరీ ఫంక్షను. ఆ ఫంక్షనును 2011 నాటి సి ప్రమాణంలో తొలగించారు. ఇరవై మూడు సంవత్సరాలు పట్టింది.

పెరిగే అర్రే, అనగా డైనమిక్ అర్రే, ఈ చిక్కును వేరే విధంగా తీరుస్తుంది. సి ప్లస్ ప్లస్‌లో వెక్టర్, స్ట్రింగ్, పైథానులో లిస్టు ఈ జాతివే. ఇది తనలో ఎన్ని ఉన్నవో తనే గుర్తు పెట్టుకొంటుంది. గదులు నిండితే పెద్ద ఇల్లు చూసుకొని సామానంతా మోసుకొని పోతుంది. ప్రతిసారీ ఒక్క గది మాత్రమే పెంచితే వెయ్యి వస్తువులు చేర్చేసరికి 4,99,500 సార్లు సామాను మోయాలి. నిండినప్పుడల్లా రెట్టింపు చేస్తే ఒకటి, రెండు, నాలుగు, ఇలా 512 వరకు కలిపి 1,023 మోతలే. కొన్ని లైబ్రరీలు రెట్టింపుకు బదులు ఒకటిన్నర రెట్లు పెంచుతాయి. ఈ కూడిక మన లెక్కల మాస్టరు చేత చెప్పిస్తే గుణశ్రేఢి పాఠం కూడా అయిపోతుంది.

అన్నీ పెరిగేవే వాడితే పోదా, స్థిర అర్రే గొడవ ఎందుకని సహోపాధ్యాయులు కొందరు అంటారు. నేను ఒప్పుకోను. లోకంలో కొన్ని వరుసలు నిజంగానే స్థిరమైనవి. మన తెలుగు సంవత్సరాల పేర్లు అరవై. ప్రభవ నుండి అక్షయ వరకు ఎవరూ ఒకటి చేర్చరు, తీయరు. వాటికి అరవై గదుల స్థిర అర్రే ఎంతో చక్కగా సరిపోతుంది. గదుల లెక్క సున్నా నుండి మొదలవుతుంది గనుక ప్రభవ సున్నాలో ఉంటుంది. ప్రభవ 1987 ఉగాదికి వచ్చింది. సంవత్సరం నుండి 1987 తీసివేసి అరవైతో భాగించగా మిగిలిన శేషమే గది సంఖ్య. 2025కు 38 వస్తుంది, అక్కడ విశ్వావసు ఉంటుంది. శేషం తీయడం మరచి 2047కు అరవయ్యో గదిని అడిగితే ఏమవుతుంది? అటువంటి గది లేదు. సి భాష ఆ సంగతి చెప్పదు. వెక్టర్‌లో కూడా హద్దు చూసే 'ఎట్' అనే ఫంక్షనుతో అడిగితేనే తప్పు పట్టుకొంటుంది, చదరపు కుండలీకరణాలతో అడిగితే పట్టుకోదు. ఐతే గదులు అరవైకి స్థిరపడినా లోపలి పేర్ల పొడవులు ఒకటి కావు. కాబట్టి వెలుపలి వరుస స్థిరం, లోపలి ఒక్కొక్క పేరు పెరిగే స్ట్రింగు. తరగతి పిల్లల పట్టికకు మాత్రం రెండూ పెరిగేవే కావాలి. జూన్‌లో చేరేవారు చేరుతారు, టీసీ తీసుకొనేవారు తీసుకొంటారు.

పెరిగే అర్రే వచ్చినంత మాత్రాన తెలుగు చిక్కులన్నీ తీరవు. మన అవసరం అసలు ఇక్కడే ఉన్నది. సి ప్లస్ ప్లస్ స్ట్రింగును దాని పొడవు అడిగితే వెంకటేశ్వర్లుకు 39 అంటుంది. పైథాను 13 అంటుంది. తెలుగు పిల్లవాడు వేళ్ళపై లెక్కించి వెం, క, టే, శ్వ, ర్లు, ఐదు అంటాడు. మూడూ సరైన జవాబులే, అడిగిన ప్రశ్నలు వేరు.

"వికటకవి"ని తీసుకోండి. ఎటు చదివినా ఒక్కటేనని రెండో తరగతి పిల్లలకూ తెలుసు. పైథానులో తిరగేసి పోల్చితే కాదంటుంది. అది తిప్పేది అక్షరాలను కాదు, సంకేతాలను. తిరగేసిన మాట గుడి గుర్తుతో మొదలవుతుంది, దాని వెనుక వకారం వస్తుంది. "నటన", "జలజ" ఇస్తే ఔనంటుంది, అందువల్ల ప్రోగ్రాము సరిగానే ఉందనుకొంటారు. గుణింతం లేని మాటలతోనే పరీక్షించి వదిలేయకుండా "మందారదామం" కూడా ఇమ్మని చెప్పేది ఎవరు? కంప్యూటరు ఉపాధ్యాయునికి తెలుగు రాకపోవచ్చు. ఆ పని మనదే. అక్షరమంటే ఏమిటో యూనికోడు వారికి సైతం తేలడానికి కాలం పట్టింది. తెలుగు సంయుక్తాక్షరాన్ని విడదీయకుండా ఒకే ముక్కగా చూడాలన్న నియమం 2023లో 15.1 సంచికతో చేరింది. పాత లైబ్రరీలు ఇప్పటికీ "స్త్రీ"ని మూడు ముక్కలు చేస్తాయి.

పరీక్షలో ఇవేవీ రావు, పిల్లలను తికమక పెట్టవద్దని తల్లిదండ్రులు అనవచ్చు. పరీక్షలో అర్రే హద్దులు వస్తాయి. హద్దు దాటడమేమిటో ఇంగ్లీషు పేరుతో ఇరవై గదులలో ఎప్పటికీ కనబడదు, ఎందుకంటే సరిపోతుంది. తెలుగు పేరుతో మొదటి రోజే కనబడుతుంది.

నేను కోరేది ఏడాదికి రెండు పీరియడ్లు. మొదటిదానిలో తెలుగు ఉపాధ్యాయులు పిల్లల పేర్లను నల్లబల్లపై హల్లు, గుణింతం, పొల్లుగా విడదీయించి, సంకేతాలను మూడుతో హెచ్చవేయించాలి. రెండోదానిలో కంప్యూటరు ఉపాధ్యాయులు అవే పేర్లను ఇరవై గదుల అర్రేలో, తరువాత స్ట్రింగులో పెట్టించాలి. పేర్లను ఎంచుకొనేటప్పుడు రాము, శ్రీను, లక్ష్మి, వెంకటేశ్వర్లు అనే వరుస బాగుంటుంది. రాము పన్నెండు బైట్లలో ఇమిడిపోతాడు. శ్రీను పద్ధెనిమిది, అంచుదాకా వస్తాడు. లక్ష్మికి ఇరవై ఒకటి కావాలి. తెగడం మొదలయ్యేది మూడో పేరు దగ్గర.