పార గెలిచిందా, ఇల్లు గెలిచిందా

ఎన్నికల్లో ఓడినవాడికి ఏదో ఒక సాకు దొరుకుతుంది. గాలి అటు వీచిందంటాడు. పొత్తు కొంప ముంచిందంటాడు. పైవాళ్ల మీద కోపం తన మీద తీర్చుకున్నారంటాడు. మనం కూడా పోన్లే పాపం అని తల ఊపుతాం. మరి గెలిచినవాడిదీ ఓడినవాడిదీ ఒకే పార్టీ, ఒకే జెండా, ఒకే మేనిఫెస్టో అయితే? అప్పుడు ఇంటికెళ్లి భార్యాబిడ్డలకు ఏమని చెప్పుకోవాలి?

టాంజానియాలో 1965లో సరిగ్గా అలాంటి ఎన్నికలే జరిగాయి.

దానికి ముందు కథ కొంచెం ఉంది. స్వాతంత్ర్యం రాకముందు, 1960లో, అక్కడ 71 స్థానాలకు ఎన్నికలు పెడితే జూలియస్ నైరేరే పార్టీ ‘టాను’కు 70 దక్కాయి. అందులో 58 చోట్ల అసలు పోటీయే లేదు. నాయకుడంటే జనానికి అంత ప్రేమ. కానీ ఆ ప్రేమ వల్ల జరిగింది ఏమిటంటే, దేశంలో చాలామందికి ఓటు వేసే పనే పడలేదు. ఊరంతా ఒకే మాట మీద ఉండటం ముచ్చటైన విషయమే. అయితే ఆ మాట ఏమిటో ఊరిని ఎవరూ అడగలేదు.

నైరేరే ఒకప్పుడు బడిపంతులు. దేశాధినేత అయ్యాక కూడా జనం ఆయన్ను ‘మ్వాలిము’, అంటే మాస్టారు అనే పిలిచారు. పార్టీ ఒక్కటే ఉండాలని ఆయన గట్టిగా నమ్మారు. ఎంపిక మాత్రం జనం చేతిలో ఉండాలన్నారు. ఈ రెంటినీ ఎలా పొసగించాలో తేల్చమని 1964లో రషీదీ కవావా అధ్యక్షతన ఒక కమిషన్ వేశారు. అది చెప్పిన దారి ఏమిటంటే, ప్రతి నియోజకవర్గంలోనూ ఒకే పార్టీ నుంచి ఇద్దరిని నిలబెట్టడం.

ఒకరికి గుర్తు పార. మరొకరికి ఇల్లు. చదువురాని పల్లెజనానికి తేలిగ్గా తెలియాలని, ఏ ఒక్కరి వైపూ మొగ్గని బొమ్మలు కావాలని వాటిని ఎంచారు. రైతుల దేశంలో పార, ఇల్లు, ఈ రెంటిలో ఏది గొప్ప అంటే ఎవరు మాత్రం చెప్పగలరు! కానీ చేతికిచ్చిన గుర్తు గురించి రెండు మంచి మాటలు చెప్పుకోలేని అభ్యర్థి ఏ దేశంలోనూ ఉండడు కదా.

ప్రచారం తీరు ఇంకా విచిత్రం. ఎవరి సభ వాళ్లు పెట్టుకోకూడదు. పార్టీ ఏర్పాటు చేసిన ఒకే వేదిక మీద ఇద్దరూ పక్కపక్కన కూర్చోవాలి. ఒకరు మాట్లాడుతుంటే రెండోవారు వినాలి. తెగ పేరు, మతం పేరు, ఒంటి రంగు ఎత్తకూడదు. అందరికీ తెలిసిన స్వాహిలీలోనే మాట్లాడాలి. ఇన్ని తీసేశాక మిగిలేది మనిషి ఒక్కడే. ఊళ్లోకి ఎన్నిసార్లు వచ్చాడు, పిలిస్తే పలికాడా లేదా, పదవి వచ్చాక నడక మారిందా. నన్నడిగితే, ఇంత ఇరుకున పెట్టే పరీక్ష మరొకటి ఉండదు.

జనం ఆ పరీక్షను సరదాగా తీసుకోలేదు. ఇద్దరు మంత్రులు, కొందరు ఉపమంత్రులు ఓడిపోయారు. ఆర్థికమంత్రి పాల్ బొమానీ సాదాసీదా మనిషి కాదు. విక్టోరియా సరస్సు ప్రాంతంలో పత్తి రైతుల సహకార సంఘాలను నిలబెట్టినవాడు. ఆయనా ఓడారు. నైరేరే ఆయన్ను నామినేటెడ్ సభ్యుడిగా తెచ్చి మళ్లీ మంత్రివర్గంలో కూర్చోబెట్టుకున్నారు. ఆర్థికశాఖ మాత్రం అమీర్ జమాల్‌కు వెళ్లింది. జమాల్ మ్వాంజాలో పుట్టిన భారత సంతతివాడు, కలకత్తాలో చదువుకున్నాడు. మొరొగొరోలో ఆఫ్రికన్ ఓటర్లే ఆయన్ను గెలిపించారు. దార్ ఎస్ సలామ్‌లో తెల్లవాడైన డెరెక్ బ్రైసన్‌నూ అలాగే గెలిపించారు.

ప్రభుత్వం మారదని ఓటేసిన ప్రతివాడికీ తెలుసు. అధ్యక్ష పదవికి ఉన్నదీ ఒక్క పేరే, దానికి అవునో కాదో చెప్పడమే. అయినా వరుసలో నిలబడ్డారు. ఇంటికొచ్చినవాళ్లను కాఫీనా, టీయా అని అడుగుతాం. వంటింట్లో ఉన్నవి ఆ రెండే కావచ్చు, మజ్జిగ కావాలంటే కుదరకపోవచ్చు. అయినా అడగకుండా కప్పు చేతిలో పెట్టడం వేరు, ఒక మాట అడిగి ఇవ్వడం వేరు. మనిషికి తనను ఎవరైనా అడగాలని ఉంటుంది. ఆ కోరిక చిన్నదేమీ కాదు.

మజ్జిగ అడిగినవాళ్ల సంగతి కూడా చెప్పుకోవాలి. పోటీ చేసే ఆ ఇద్దరు ఎవరన్నది చివరికి పార్టీ జాతీయ కార్యవర్గమే తేల్చేది. 1968లో కొందరు సభ్యులను పార్టీ నుంచి వెళ్లగొడితే వాళ్ల పార్లమెంటు సీట్లూ పోయాయి. ఉన్నది ఒక్కటే ఇల్లయితే గుమ్మం బయటకు వెళ్లినవాడు ఎక్కడికి పోతాడు? ఇది తలుచుకుంటే ఆ పార మీదా ఇల్లు మీదా ఉన్న ముచ్చట కొంత తగ్గుతుంది. పూర్తిగా పోదు, ఎందుకో.

నైరేరే 1985లో తనంతట తానే అధ్యక్ష పదవి వదిలి సొంతూరు బుటియామా దారి పట్టారు. 1992లో అక్కడ ఇతర పార్టీలకూ తలుపు తెరిచారు. టాను 1977లో జాంజిబార్ పార్టీతో కలిసి ‘సీసీఎం’ అయింది. అధికారం ఇప్పటికీ దానిదే. కాబట్టి అసలు పోటీ చాలాకాలం ఆ ఇంట్లోనే సాగింది. 1995లో అధ్యక్ష అభ్యర్థిని ఎంచుకోవడానికి దొదోమాలో జరిగిన పార్టీ మహాసభలో జకాయా కిక్వేతె మొదటి విడతలో ముందున్నారు. రెండో విడతలో కొద్ది తేడాతో బెంజమిన్ మ్కాపా గెలిచారు. కిక్వేతె ఆయన ప్రభుత్వంలోనే విదేశాంగమంత్రిగా పదేళ్లు పనిచేసి, 2005లో అధ్యక్షుడయ్యారు.

ఎడ్వర్డ్ లొవాస్సాకు అంత ఓపిక లేకపోయింది. మాజీ ప్రధాని ఆయన. 2015లో పార్టీ పెద్దలు అధ్యక్ష అభ్యర్థుల తుది జాబితాలోకి కూడా రానివ్వకపోతే ప్రతిపక్షంలో చేరి పోటీచేసి, నూటికి నలభై దాకా ఓట్లు తెచ్చుకుని ఓడారు. 2019లో, అడిగినవాళ్లకు పెద్దగా సంజాయిషీ ఏమీ చెప్పకుండానే, పాత పార్టీలోకి తిరిగి వెళ్లిపోయారు. ఆయన్ను తప్పుపట్టాలంటే నాకు మనసొప్పదు. కిక్వేతె ఓపికను మెచ్చుకోకుండానూ ఉండలేను.